వెచ్చగది ఆయా లీలమ్మ

బిడ్డ ఒళ్లు చల్లబడితే ఆయాను వరండాలో నిలబెట్టడం ఆ దవాఖానలో రివాజు. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. సూపరింటెండెంటు గది ముందర, వచ్చేపోయేవాళ్ల కళ్లెదుట, గోడకు ఆనుకోకుండా నిలబడాలి. ఎందుకు నిలబడ్డావని అడిగినవాళ్లకు "నా అజాగ్రత్త" అని తన నోటితోనే చెప్పుకోవాలి. డాక్టర్లు నిలబడరు. సిస్టర్లు నిలబడరు. ఆయా నిలబడుతుంది.

లీలమ్మ ఆ వరండాలో ఎన్ని పూటలు నిలబడిందో ఆమే లెక్కపెట్టుకోలేదు. చలికాలం దిగిందంటే ఆమె వంతు వచ్చినట్టే. నిలబడేది, తల దించుకునేది, పూట ముగియగానే కొంగు దులుపుకొని మళ్లీ బిడ్డల దగ్గరకు పోయేది. ఎదురు చెప్పడానికి నోరు లేక కాదు. పెళ్లయిన కొత్తలో చేరిన ఉద్యోగం. పెద్దకొడుకుకు మీసాలు వచ్చాయి గానీ ఆమె ఉద్యోగానికి పర్మినెంటు రాలేదు. టెంపరరీ మనిషి నోరు తెరిస్తే గేటు కూడా తెరుచుకుంటుందని ఆమెకు తెలుసు. అది బయటికి పంపే గేటు.

ఆ దవాఖాన పాతబస్తీలో ఒక ట్రస్టు వాళ్లది. దబీర్‌పురా రైల్వేస్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరం. లీలమ్మ ఇల్లు స్టేషన్ పక్క గల్లీలోనే, భర్త ప్రకాశం రైల్వేలో పట్టాలు చూసే గ్యాంగుమన్. దవాఖాన మేడ మీద, చివరన, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల కోసం ఒక గది ఉంది. దాన్ని అందరూ వెచ్చగది అంటారు. ఏ దేశం వాళ్లో దానమిచ్చిన సామాను అందులో బిగించారు. మూడు కిటికీల కింద మూడు రేడియేటర్లు, అంటే ఇనుప పలకల పెట్టెలు. వెనక పెరట్లో బొగ్గు బాయిలర్ ఉంటుంది. అందులో కాగిన నీళ్లు గొట్టాల్లో మేడెక్కి, ఆ పెట్టెల్లో తిరిగి, చల్లారి మళ్లీ కిందికి దిగుతాయి. ఒక్కో పెట్టె మూల ఒక్కో వాల్వు. దాని మీద తెల్లటి గుండ్రటి మూత, చుట్టూ ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు. అచ్చం నమాజు టోపీలా ఉంటుందని ఆయాలు దానికి టోపీ అనే పేరు పెట్టారు.

డెబ్బై ఎనిమిది చలికాలం కొంచెం ముందే దిగింది. గదికి వెచ్చగది అన్న పేరు మిగిలింది, వెచ్చదనం పోయింది. ఆయాలు టోపీలను ఐదు నంబరు దాకా తిప్పేశారు. అయినా పెట్టెలు పొద్దున గోరువెచ్చగా, మధ్యాహ్నానికి రాయిలా ఉండేవి.

అప్పుడు గదిలో ఉన్న బిడ్డల్లో ఒకతె ఛత్రినాక బస్తీలో ఉండే సక్కుబాయి మనవరాలు. సక్కుబాయిది బర్రెల కొట్టం. దవాఖాన వంటింటికి పాలు పోసేది కూడా ఆమే. ఏడో నెలలోనే పుట్టిన ఆ పిల్ల అరచేతిలో ఇమిడేటట్టు ఉండేది. ఒకరోజు పొద్దున లీలమ్మ తడిమి చూస్తే పిల్ల కాళ్లు మంచుముక్కల్లా ఉన్నాయి. పెదవులు నీలంగా మారాయి. లీలమ్మ ఎవరినీ అడగలేదు. పిల్లను తీసుకుపోయి పక్క వార్డులో ఉన్న తల్లి రొమ్ముల మధ్య, రవిక లోపల పెట్టి, పైన గొంగడి కప్పింది. "కదలకు బిడ్డా. నీ ఒళ్లే పొయ్యి అనుకో," అంది. కాసేపటికి పిల్ల గొంతు లేచింది. పిల్ల బతికింది.

లీలమ్మ మాత్రం వరండాలో నిలబడింది.

పాలక్యాను దించి వస్తూ సక్కుబాయి ఆమెను చూసింది. "ఏందే లీలమ్మా, గిట్ల కొయ్యబొమ్మ లెక్క నిలవడ్డవ్?"

"నా అజాగర్త," అంది లీలమ్మ, అలవాటు చొప్పున.

"ఏం అజాగర్త? నా మనవరాలి పానం నిలవెట్టింది నువ్వే గదా! నిలవెడితే సర్కారోడు మెడల్ ఇయ్యాలె గాని, గిట్ల నిలవెడతరా?" సక్కుబాయి గొంతు వరండా అంతా మోగింది.

"ఊకో అక్కా, నీకు దండం వెడత. నువ్వు లొల్లి జేస్తే నాకింకో పూట వడుతది."

ఆ పూట నిలబడ్డంతసేపూ లీలమ్మ అదే ఆలోచించింది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె మనసు ఎదురుతిరిగింది. కిటికీలు తాను తెరవలేదు. కునుకు తీయలేదు. మరి వేడి ఎక్కడికి పోతోంది? పూట ముగియగానే తిన్నగా పెరట్లోకి దిగి బాయిలర్ ముందు నిలబడింది.

బాయిలర్ చూసేవాడు కొండల్. సైదాబాద్ నుంచి సైకిల్ మీద వస్తాడు. ఒళ్లంతా బొగ్గు మసి, పళ్లు మాత్రం తెల్లగా ఉంటాయి.

"ఏం తమ్మీ, నిప్పు వెడుతున్నవా, నిప్పు బొమ్మ గీస్తున్నవా? మీద పోరగాండ్లు సల్లవడి సస్తున్నరు."

కొండల్ పార విసిరికొట్టాడు. "ఇటు రా అక్కా. గీ గొట్టం మీద చెయ్యి వెట్టు. వెట్టు! కాలితే నన్నడగకు." లీలమ్మ చెయ్యి దగ్గరికి పెట్టి చటుక్కున తీసేసుకుంది. "సూసినవా? నా కాడ గరం. నీ కాడ థండా. నడుమ ఎవ్వడు తాగుతుండు? నా వేడిని మీ ఆయాలే కిటికీల్లకెల్లి పారవోస్తుండ్రు."

"కిటికీ తెరిస్తే నా చెయ్యి ఇరగ!"

"బొగ్గు తక్కువేస్తే నా కాలు ఇరగ!"

ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడడం లేదు. గదిలో చలి కూడా అబద్ధం కాదు. కొండల్ పానా, పట్టుకారు సంచిలో వేసుకున్నాడు.

మేడ మీద కిటికీల దగ్గర చోటు చేసి, లీలమ్మ సామానంతా పక్కకు జరిపింది. కొండల్ మొదటి టోపీని తిప్పి ఊడదీశాడు. కింద అగ్గిపుల్లంత ఇనుప పుల్ల ఒకటి నిక్కి ఉంది.

"ఇగో, ఇదీ కథ," అన్నాడు. "టోపీ లోపల మైనం లాంటి సరుకుంటది. గది ఎచ్చగైతే అది ఉబ్బుతది. ఉబ్బి గీ పుల్లను లోపలికి నూకుతది. పుల్ల పోయి ఎచ్చనీళ్ల దారి మూస్తది. గది సల్లగైతే మైనం ముడుసుకుంటది. స్ప్రింగు పుల్లను మీదికి నూకుతది. దారి తెరుసుకుంటది."

"అంటే మనిషి లేకుండనే అదే తెరుసుడు, అదే మూసుడు?"

"నీ లెక్క ఇదిగూడ ఒక ఆయానే అనుకో. గాని దీన్ని ఎవ్వడు వరండాల నిలవెట్టడు."

లీలమ్మకు నవ్వొచ్చింది. ఆ రోజు అది మొదటి నవ్వు.

"ఇంకో మాట. ఐదు మీద వెడితే జల్ది ఎచ్చగైతదని అందరు గుంజి తిప్పుతుండ్రు. ఇది కొళాయి కాదు. మూడు మీద వెట్టినా ఐదు మీద వెట్టినా ఎక్కేది ఒక్క తీరే, ఆగేకాడనే ఫరక్. మూడంటే గింత ఎచ్చన చాలు ఆగు అన్నట్టు. ఐదంటే ఇంకింత ఎచ్చగయ్యేదాక ఆగకు అన్నట్టు. గంతే."

పుల్లను వేలితో నొక్కి చూశాడు. లోపలికి పోయింది గానీ బద్ధకంగా పైకి లేచింది. "దొరికిండు దొంగ! తుప్పు వట్టి ఇరుక్కున్నది." చుక్క నూనె వేసి, పానా పిడితో పక్కనుంచి మెల్లగా తట్టి, నొక్కి వదిలి, నొక్కి వదిలి దాన్ని ఆడేటట్టు చేశాడు. మూడింటికీ అదే వైద్యం. టోపీలు బిగించి ఇద్దరూ కూర్చున్నారు. పెట్టెలు వేడెక్కాయి. గది పేరుకు తగ్గట్టు అయింది. లీలమ్మ అతనికి చాయ పోయించింది.

మరునాటికి పెట్టెలు మళ్లీ రాళ్లయ్యాయి.

కొండల్ మళ్లీ వచ్చాడు. మళ్లీ సామాను జరిపారు. ఈసారి పలకల మీద కిందినుంచి పైదాకా చెయ్యి రాశాడు. "కింద జరంత ఎచ్చగుంది, మీద సల్లగుంది. లోపల గాలి చిక్కింది. గాలున్న కాడికి నీళ్లు పోవు." పెట్టె చివర చిన్న మరను తాళంచెవి లాంటి దానితో విప్పితే గాలి బుస్సుమని పాములా వచ్చింది. తరువాత చుక్కలు చుక్కలుగా నల్లటి నీళ్లు రాగానే మర బిగించాడు. గది వెచ్చబడింది. సాయంత్రానికి ఎప్పటిలాగే చల్లబడింది.

"గిది దయ్యమక్కా," అన్నాడు కొండల్. "నేనుంటే ఎచ్చగుంటది, నేను పోంగనే సల్లవడుతది. నా మీద మనసు వడ్డట్టుంది."

నవ్వుతూ అన్నాడే గానీ అతని కళ్లలో నవ్వు లేదు. బొగ్గు మీద అప్పటికే గుసగుసలు మొదలయ్యాయి. బాయిలర్ బాగుంటే, గొట్టాలు బాగుంటే, వాల్వులు బాగుంటే ఇక తప్పు నిప్పుది. నిప్పు తప్పంటే కొండల్ తప్పే. బొగ్గు బయట అమ్ముకుంటున్నాడని ఎవరో అన్నారు. ఎవరో విన్నారు. వినని వాళ్లు కూడా విన్నామన్నారు. పేదవాడి మీద దొంగ అన్న మాట తడిగోడకు సున్నంలా పట్టుకుంటుంది.

తల్లులు ఫిర్యాదు చేస్తే ట్రస్టు వాళ్లు తనిఖీకి వస్తామని కబురు పంపారు. హెడ్ సిస్టర్ కళావతి ఆ రోజు పొద్దున్నుంచే కాలు కాలిన పిల్లిలా తిరిగింది. ఆమె చెడ్డమనిషి కాదు. పైవాళ్ల చూపు పడితే చాలు, వణికే మనిషి. "నేల కడుగు. పక్కలు మార్చు. లీలమ్మా, ఆ గంప, కుంపటి స్నానాల గదిలో దాచు. రేడియేటర్ల మీద గుడ్డలన్నీ తియ్యి. ఒక్క పోగు కనపడ్డా నా ఉద్యోగం ఊడుతుంది!"

ఆ గంప సంగతి ఇక్కడ చెప్పాలి. బిడ్డలకు చుట్టే పొత్తిగుడ్డలు రోజూ బుట్టలకొద్దీ ఉతకాలి. మేడ మీది తీగలు పైసలిచ్చే వార్డుల దుప్పట్లకే. వాటి మీద పొత్తిగుడ్డ వేస్తే వాచ్‌మన్ తీసి కింద పారేస్తాడు. అందుకని ఆయాలు తడిగుడ్డలను రేడియేటర్ల మీద ఆరేసేవాళ్లు, టోపీతో సహా కప్పేసి. చిన్నవి, బిడ్డ ఒంటికి తగిలేవి మాత్రం పాత పద్ధతిలో ఆరేవి: మొదటి కిటికీ కింద, రేడియేటర్ పక్కనే, బొగ్గుల కుంపటి పెట్టి, సాంబ్రాణి చల్లి, పైన వెదురుగంప బోర్లించి, దాని మీద గుడ్డలు పరిచేవాళ్లు. గుడ్డ ఆరుతుంది, పొగ పడుతుంది, వాసన పోతుంది. సక్కుబాయి లాంటి అమ్మమ్మలు సాంబ్రాణి పొట్లం స్వయంగా తెచ్చేవాళ్లు. "పొగ వట్టని గుడ్డ పసిబిడ్డకు సుడతరానె? గాలి సోకదా?" అని గదమాయించేవాళ్లు. వార్డులో నిప్పు పెట్టకూడదని బోర్డుంది. బోర్డు చదివే సిస్టరే ఆ పొగ పీల్చి "ఆహా" అనేది. చలి పెరిగినకొద్దీ ఆయాలు కుంపట్లో బొగ్గులు పెంచారు. బిడ్డలకు కాస్త సెగ తగులుతుందని వాళ్ల ఆశ.

తనిఖీ వచ్చింది. సూపరింటెండెంటు బాబురావు ముందు, ట్రస్టు పెద్దలు వెనక. గదిలోకి అడుగుపెట్టగానే ఒక పెద్దమనిషి ఉన్నికోటు విప్పి చేతిమీద వేసుకున్నాడు. ఇంకొకాయన రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మూడు పెట్టెలూ నిప్పులు కక్కుతున్నాయి.

"ఇదేనా చలి?" అన్నాడు కోటు విప్పినాయన. "ఇక్కడ గుడ్లు పెడితే పిల్లలవుతాయి."

బాబురావు గొంతు సవరించుకున్నాడు. "నాకు అర్థమైంది సార్. మీరు వస్తున్నారని తెలిసి ఇవాళ బొగ్గు దండిగా వేశాడు. మిగతా రోజుల్లో ఆ బొగ్గు ఎటు పోతోందో ఆలోచించండి."

కొండల్‌ను పిలిపించారు. "సార్, రోజెంత వేస్తనో ఇయ్యాల గంతే వేసిన. ఒక్క పార ఎక్కువెయ్యలే," అని అతను ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. వారం చివర విచారణ, అందాకా బాయిలర్ దగ్గర ఇంకో మనిషి కాపలా. కొండల్ పెరట్లోకి నడిచిపోతుంటే ధోబీలు, వంటవాళ్లు వరసగా నిలబడి చూశారు. ఒకడు ఈలవేశాడు. అతని మెడ ఎన్నడూ లేనంత కిందికి వంగింది.

పెద్దలు వెళ్లిపోయాక లీలమ్మ స్నానాల గదిలోంచి కుంపటీ గంపా తెచ్చి మొదటి కిటికీ కింద పెట్టింది. బొగ్గులు రాజేసింది. గుడ్డలు ఆరేసింది. చేతులు పని చేస్తున్నాయి గానీ మనసు కుదుటపడలేదు. కొండల్ దొంగ కాడు. రోజెంతో ఇవాళా అంతే వేశానన్నాడు. మరి ఇవాళ వెచ్చన ఎక్కడిది? ఇవాళ కొత్తగా ఏమైంది? పెద్దమనుషుల్ని చూసి ఇనుము కూడా భయపడుతుందా?

వంగి బొగ్గుల మీద విసురుతుంటే మోచెయ్యి పెట్టెకు తగిలింది. వెచ్చగా ఉంది. మళ్లీ విసిరింది. బొగ్గులు ఎర్రబడ్డాయి. కాసేపయ్యాక కావాలనే చెయ్యి పెట్టి చూసింది. వెచ్చదనం తగ్గింది. ఇంకాసేపయ్యాక ఇంకా తగ్గింది.

ఆమె గంపను, కుంపటిని ఎత్తుకొని వరండాలోకి పరుగెత్తింది. తిరిగొచ్చి రెండో పెట్టె మీది గుడ్డలు గుంజి పారేసింది. మూడోదాని మీదివీ గుంజేసింది. కళావతి "పిచ్చి పట్టిందా?" అని అరిచింది. లీలమ్మ మూడు పెట్టెల మధ్య ఇటూ అటూ తిరుగుతూ, చెయ్యి పెడుతూ తీస్తూ ఉంది. ఒక పెట్టె లోపల ఏదో టిక్కుమంది. నీళ్లు గలగలమన్నాయి. ఇనుము మెల్లగా వెచ్చబడసాగింది.

పెరట్లోకి దిగి కొండల్‌కు చెప్పింది. అతను నుదురు కొట్టుకున్నాడు.

"అరె, నా అకల్ మండ! అక్కా, దానికి గదంటే గీ నాలుగ్గోడలు కాదు. టోపీ సుట్టూత జానెడు గాలి ఉంటది సూడు, గదే దానికి గది. ఆ జానెడు గాలి కింద నువ్వు కుంపటి వెడితివి. గది మస్తు ఎచ్చగైందనుకొని అది మూసుకుంటుంది. కడమవాటికి గుడ్డ కప్పితిరి. గుడ్డ కింద వేడి దిరగక, అవిగూడ మూసుకుంటున్నయ్. మీరు సలి అని ఇంకింత బొగ్గేసుడు, అది ఇంకింత గట్టిగ మూసుకునుడు!"

"నువ్వు బాగు జేసినప్పుడల్ల..."

"బాగు జేసింది నేను కాదక్కా. నాకు జాగ జెయ్యనీకె నువ్వు గంప జరిపినవ్ గదా, ఆ జరుపుడే బాగు జేసింది. నేనేమో పుల్లకు నూనె వెట్టి, గాలి దీసి, నేనే పెద్ద మిస్త్రీననుకున్న." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "ఇంకోటి ఎర్కనా? బొగ్గుల గాలి తలుపులు మూసిన గదిల మనిషినే సంపుతది. గంతంత పోరగాండ్లు..."

లీలమ్మ మేడ మీది కిటికీల వైపు చూసింది. బిడ్డలకు సెగ తగలాలని బొగ్గు పెంచింది ఆమే.

సంగతి విని కళావతి ఆమెను మూలకు లాగింది. "విను. ఇవాళ్టి నుంచి గంప లేదు, గుడ్డలు లేవు. గది వెచ్చగా ఉంటుంది. అంతటితో కథ ముగిసింది. నువ్వు ఎవరికీ ఏమీ చెప్పాల్సిన పని లేదు."

"కొండల్ సంగతో, సిస్టరమ్మా?"

"అతని అదృష్టం ఎట్లా ఉంటే అట్లా. బిడ్డల గదిలో నిప్పు పెట్టామని చెప్తే ఏమవుతుందో తెలుసా? నీ పర్మినెంటు కాగితం టేబుల్ మీద ఉందని పెద్దసారే అన్నారు."

ఆ సాయంత్రం ఇంట్లో లీలమ్మ అన్నం వార్చింది, గంజి గిన్నెలోకి కాక పొయ్యిలోకి పోసింది. పొయ్యి చుయ్యిమంది. గ్యాంగు పని నుంచి వచ్చిన ప్రకాశం గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"నిప్పును సంపినవ్ గాని, నీ కడుపుల మంట సల్లారలే. ఏంది సంగతి?"

చెప్పింది. స్టేషన్‌లోకి బండి వచ్చి, గూట్లో గిన్నెలు గలగలలాడి, బండి వెళ్లిపోయింది.

"నోరు మూసుకుంటే పర్మినెంటు," అన్నాడు ప్రకాశం. "తెరిస్తే కొండల్ ఇజ్జత్. రెండిట్ల నీకేది కావాలె?"

"నన్నడుగుతవేంది? నువ్వు చెప్పు."

"నేన్జెప్తే రేపు నన్ను తిడతవ్. పట్టా కాడ బోల్టు ఊడిందని నాకెర్కైతే నేను సప్పుడు జెయ్యక ఇంటికొస్తనా? బండిల ఎవ్వలున్నరని అడగను గదా."

"గట్ల అడ్డం తిప్పి చెప్పకు."

"నిలువుగనే చెప్పిన. నీకే అడ్డంగ ఇనవడ్డది." ప్రకాశం కాళ్లు కడుక్కోవడానికి పోయాడు. లీలమ్మ పొయ్యి మళ్లీ ముట్టించింది. పుల్ల అంటుకోలేదు. ఇంకోటి గీసింది. అదీ అంటుకోలేదు.

విచారణ రోజు ఆమెను ఎవరూ పిలవలేదు. తనే తలుపు తోసుకొని లోపలికి పోయింది. బాబురావు, కోటు విప్పిన ట్రస్టు పెద్దమనిషి కుర్చీల్లో ఉన్నారు, కొండల్ ఎదురుగా చేతులు కట్టుకొని ఉన్నాడు.

"సార్, ఆయన బొగ్గు దొంగతనం జెయ్యలే. వేడి నేనాపిన. నాకెర్కలేక ఆపిన." గుక్క తిప్పుకోకుండా కుంపటి, గంప, గుడ్డలు, టోపీ, అన్నీ చెప్పింది. "నమ్మకుంటే మీదికి రాండ్రి. నేను కుంపటి వెట్టి సూపిస్త, తీసి సూపిస్త."

పెద్దమనిషి నిజంగానే లేచాడు. అందరూ మేడెక్కారు. బిడ్డల్ని పక్క వార్డులోకి మార్చి, కిటికీలు తెరిచి, కుంపటి పెట్టారు. ఆయన స్వయంగా చెయ్యి పెట్టి చూశాడు. చల్లబడింది. తీశారు. వెచ్చబడింది. ఆయన తల ఊపాడు. "కొండల్ మీద కేసు లేదు," అన్నాడు. కొండల్ గోడకు చేరగిలబడి కండువాతో మొహం కప్పుకున్నాడు.

బాబురావు మాత్రం లీలమ్మ వైపు తిరిగాడు. "అయితే పసిపిల్లల గదిలో నిప్పు పెట్టింది నువ్వు. నీ నోటితోనే ఒప్పుకున్నావు."

"వెట్టిన సార్. గుడ్డలు ఎక్కడ ఆరెయ్యాలె? తీగ మీద వేస్తే పారేస్తరు. తడిగుడ్డ సుడితే బిడ్డ సస్తది. జాగ ఇయ్యుండ్రని ఎన్నిసార్లడిగినం? గీ టోపీ ఎట్ల పనిజేస్తదో మాకెవ్వలన్న ఒక్కపారి చెప్పిండ్రా? గోడకు బిగించి పోయిండ్రు. మేం దాని మీద గుడ్డలారేసినం."

"అది వేరే విషయం."

"గదే విషయం సార్!"

ఆ మాట గది దాటి మెట్ల దాకా వినిపించింది. ఇన్నేళ్లలో ఆ దవాఖానలో లీలమ్మ గొంతు ఎత్తడం అదే మొదలు. టెంపరరీ మనిషిని తీసేయడానికి నోటీసు అక్కర్లేదు. రేపటినుంచి రావద్దన్నారు. నిప్పుకు అనుమతి ఎవరు లేదన్నారో, కళ్లు మూసుకొని ఎవరు ఉందన్నారో, ఆ లెక్క ఎవరూ తీయలేదు. కళావతి సిస్టర్ కిటికీ వైపు తిరిగి నిలబడింది. తిరిగి చూడలేదు.

గేటు దగ్గర సక్కుబాయి పాలక్యానుతో ఎదురొచ్చి సంగతి విన్నది. క్యాను నేలకు కొట్టినట్టు దించింది. వంటవాడు గిన్నె పట్టుకొని వస్తే చెప్పింది, "బాలింతలకు పోస్త, బిడ్డలకు పోస్త. ఆఫీసు చాయకు మాత్రం నా బర్రె పాలు సుక్కగూడ రావు. లీలమ్మ వాపస్ వచ్చేదాక నీ సార్లను డికాక్షన్ తాగమను!" కొండల్ తన డ్యూటీ చొక్కా మీదే గేటు బయట ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. పిల్లల తల్లులు ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఇతర వార్డుల ఆయాలు కిటికీల్లోంచి చూశారు. వాళ్లందరూ టెంపరరీలే. దిగి రాలేదు. దిగి రాలేకపోయారు. వాళ్లను నిందించే హక్కు, నెల జీతం ఠంచనుగా అందుకునే మనకు లేదు.

లీలమ్మ ఇప్పటికీ పనిలో లేదు. వెచ్చగదిలో కుంపటి పోయింది, మంచిదే. రేడియేటర్ల మీద గుడ్డ వేయకూడదని కొత్త బోర్డు పెట్టారు, అదీ ఇంగ్లీషులో. గుడ్డలు ఎక్కడ ఆరాలో మాత్రం బోర్డు చెప్పదు. లీలమ్మ పొద్దున్నే లేస్తుంది, డ్యూటీ చీర కట్టుకుంటుంది, మళ్లీ విప్పుతుంది. గల్లీలో ఏ ఇంట పసిబిడ్డ ఏడ్చినా గుమ్మం దాకా పోయి వస్తుంది. మనిషి ఒక్కచోట కూర్చోవడం లేదు.

ఆమెను చూసి జాలిపడి పేజీ తిప్పకండి. జాలి ఆమెకు పనికిరాదు. మీరు చేయగల పని ఉంది. మీ బస్తీలో, మీ ఊళ్లో ఉన్న దవాఖానకు ఈ వారంలోనే వెళ్లండి. రోగిని చూడటానికి కాదు, పనివాళ్లను చూడటానికి. ఒక ఆయాను ఆపి, "ఎన్నేళ్లనుంచి టెంపరరీ?" అని అడగండి. పసిపిల్లల గుడ్డలు ఎక్కడ ఆరుతున్నాయో అడగండి. గోడకు బిగించిన యంత్రం ఎట్లా పనిచేస్తుందో ఆమెకు ఆమె భాషలో ఎవరైనా చెప్పారా అని అడగండి. ఆ తర్వాత పెద్దల గదిలోకి వెళ్లి ఇవే ప్రశ్నలు వాళ్లను అడగండి. ఒంటరిగా వెళ్లకండి, నలుగురు కలిసి వెళ్లండి. జవాబు చెప్పకపోతే మరునాడు పదిమందితో మళ్లీ వెళ్లండి.